గురువునకు సాక్షి యెవరు?

గ్రంథాలయమునుండి ఒక పుస్తకమును ఇంటికి తీసికొనిపోవలెనన్నచో చందాదారుడు దరఖాస్తుపై సంతకము చేయవలయును. ఆ సంతకము క్రింద అతని నెఱిగిన పెద్దమనిషి యొకడు జామీనుగ మఱియొక సంతకము చేయవలయును. పుస్తకము వెల ఇరువది రూపాయలైనను, రెండువందలైనను నియమ మొక్కటియే. పుస్తకము చినిగినను, పోయినను మరల కొనవచ్చును. కాని ఊరిలోనికి క్రొత్తగా వచ్చిన మనుష్యునికి ఏడేండ్ల పిల్లవాని నప్పగించి, వీనికి నాలు గక్షరములు చెప్పుడని ప్రతి సాయంకాలము రెండుగంటలసేపు విడిచి వచ్చు తల్లిదండ్రులు, ఆ మనుష్యునికి జామీ నెవరని అడుగుట అరుదు. పుస్తకమునకు గల కట్టుదిట్టము ఆ పుస్తకమును చదువవలసిన బిడ్డకు లేకపోవుట విచారింపదగిన విషయము.

బోధకుడుగా కుదురగోరువాడు తన విద్యకును, తన నడవడికిని, పూర్వము తాను చేసిన పనికిని సాక్ష్యము చూపవలెనను ఆచారము నేడు పుట్టినది కాదు. అది మన పురాణములలో నున్నది, కావ్యములలో నున్నది, దొరల కాలపు దస్తావేజులలోను నున్నది. ఆ యాచారము ఏ కాలమున నే రూపము దాల్చెనో, ఎక్కడ నిలిచెనో, ఎక్కడ చెడెనో తెలిసికొన్నచో, నేడు మనము అడుగవలసిన దేమియో, చెప్పవలసిన దేమియో తెలియును.

ద్రోణుని రాక

ద్రోణాచార్యుడు హస్తినాపురము చేరిన ఘట్టము భారతము విన్నవా రందఱును ఎఱిగినదే. రాజకుమారులు ఆడుకొనుచుండగా చెండు నూతిలో పడెను. తల నెరసిన బ్రాహ్మణు డొకడు వచ్చి, గడ్డిపుల్లలను బాణములుగా విడిచి, పుల్లకు పుల్ల తగిలించి, చెండును పైకి తీసెను. అయ్యా, తమ రెవరని బాలురు అడిగిరి. అతడు పేరు చెప్పలేదు. మీరు చూచిన రూపమును, చూచిన పనిని మీ తాతగారితో ఉన్నదున్నట్లు చెప్పుడని మాత్ర మనెను. భీష్ముడు విన్నంతనే, వచ్చినవాడు ద్రోణుడని గ్రహించెను.

ఇందు రెండు విశేషములు గలవు. సిఫారసును మోసికొనిపోయినవారు కాబోవు శిష్యులు. దానిని తూచినవాడు విలువిద్య లోతు తెలిసినవాడు. తెలియనివాడు వ్రాసిన పొగడ్త పది పుటలైనను, తెలిసినవాడు విని తల యూపిన యూపునకు సరి రాదు. అంతటితో భీష్ముడు ఊరకుండలేదు. తానే యెదురుగ వచ్చి, గౌరవించి, రాకకు కారణ మడిగెను. ద్రోణుడు తాను అగ్నివేశునొద్ద అస్త్రవిద్య నేర్చిన సంగతిని, కుటుంబము పేదఱికమున పడిన సంగతిని, బాల్యమిత్రుడగు ద్రుపదుడు తన్ను అవమానించిన సంగతిని దాపఱికము లేక చెప్పెను. చదివిన దెక్కడ, ఇంతవఱకు నున్న దెక్కడ, అది విడిచి వచ్చిన కారణ మేమి? ఈ మూడు ప్రశ్నలే నేటికిని ఏ బోధకుని విషయమున నైనను మొదట నడుగవలసినవి.

అయినను మూడవ ప్రశ్నకు వచ్చిన సమాధానమును కురువృద్ధుడు మఱికొంత ఆలోచించియుండవలసినది. గురువు మనస్సులోని కోపము గురుదక్షిణ రూపమున శిష్యుల చేతులలోనికి దిగెను. వారు ద్రుపదుని పట్టి తెచ్చిరి. పట్టుబడినవాని పగనుండి యజ్ఞమును, యజ్ఞమునుండి ధృష్టద్యుమ్నుడును పుట్టిరి. కడపట ద్రోణుని శిరస్సు తెగినది ఆ ధృష్టద్యుమ్నుని కత్తికే. విద్య యెంత గొప్పదైనను, దానిని చెప్పువాని మనస్సులో నున్నదియు పిల్లల కంటును. నడవడిని గూర్చి విచారింపవలెనని పెద్దలు చెప్పుట ఇందుకే.

విరాటుని కొలువు

పూర్వసేవకు సాక్ష్యమును గూర్చి విరాటపర్వమును మించిన కథ వెదకినను దొరకదు. అజ్ఞాతవాసమునకై పాండవులు మత్స్యదేశము చేరి, ఒక్కొక్కరుగ కొలువు నడిగిరి. కంకుభట్టు తాను ధర్మరాజునకు నెయ్యుడనని చెప్పెను. వలలుడు ధర్మరాజు వంటశాలలో పనిచేసితి ననెను. దామగ్రంథి గుఱ్ఱములను, తంత్రీపాలుడు ఆవులను అక్కడనే చూచుచుంటి మనిరి. సైరంధ్రి సత్యభామను, ద్రౌపదిని కొలిచితి నని సుధేష్ణకు విన్నవించెను. అందఱును చూపినది ఒక్క యిల్లే. ఆ యింటి యజమానిని పిలిచి విచారింప వీలులేదు. అతడు రాజ్యము పోగొట్టుకొని అడవులు పట్టిపోయెను. వేడుక యేమన, ఆ యజమాని అదే కొలువులో కూర్చుండి రాజుగారితో పాచికలాడుచుండెను. సాక్షియు, సాక్ష్యము కోరినవాడును ఒక్కడే యైన వ్యవహార మిది.

వారిలో బోధకుని పని కోరినవాడు అర్జునుడు. ఆట, పాట, వాద్యము నేర్పుదునని బృహన్నల రూపమున వచ్చెను. అడిగినచో ధర్మరాజు నింట ద్రౌపదికి పరిచర్య చేసితినని చెప్పుకొందునని అన్నతో ముందుగనే అనియుండెను. విరాటుడు ఆ విగ్రహమును చూచి సందేహించెను. ఈ భుజములు విల్లు పట్టినవానివి గాని మద్దెల పట్టినవానివి గావని అతనికి తోచెను. నియమింపబోవునది అంతఃపురమునకు, అప్పగింపబోవునది కన్నకూతురును. అందుచేత అతడు మూడు పనులు చేసెను. ఆటపాటలలో తానే పరీక్షించెను. మంత్రులతో ఆలోచించెను. బృహన్నల తన్ను గూర్చి చెప్పుకొన్నది నిజమగునో కాదో స్త్రీలచేత విచారింపజేసెను. ఈ మూడును ముగిసిన పిదపనే ఉత్తరను శిష్యురాలిగ నప్పగించెను. పూర్వపు యజమానిని విచారింప వీలులేనప్పుడు విచారణయే మానుట తగదనియు, మఱియొక త్రోవ వెదకవలె ననియు విరాటుడు నేర్పుచున్నాడు.

ఒక యేడు గడచెను. కౌరవులు గోవులను పట్టిరి. ఉత్తరకుమారునకు సారథి లేడు. అప్పుడు సైరంధ్రి నోరు విప్పి, ఈ బృహన్నల ఖాండవదహనవేళ అర్జునునకు రథము తోలినవాడని చెప్పెను. ఆ మాట చెప్పిన యామెకు ఆ మనిషి తెలియును, ఆ పని తెలియును. తన మాట తప్పైనచో రాజకుమారుని ప్రాణము పోవుననియు తెలియును. ఈ మూడును తెలిసి చెప్పిన మాటకే సిఫారసు అని పేరు. తక్కినది ముఖస్తుతి.

యుద్ధము ముగిసి, గుట్టు బయటపడిన పిదప విరాటుడు సంతోషముతో ఉత్తరను అర్జునున కిచ్చి పెండ్లి చేయబోయెను. అర్జునుడు వలదనెను. ఏడాదికాలము అంతఃపురమున నుంటిని. ఆమె నన్ను ఆచార్యునివలె, తండ్రివలె నమ్మినది. నేనే పెండ్లాడినచో లోకము మీ బిడ్డను శంకించును. కోడలిగా తీసికొందునని, అభిమన్యునకు చేసెను. బోధకుని నడవడికి ఇంతకన్న వేఱు యోగ్యతాపత్రము లేదు. బృహన్నల చెప్పుకొన్న పేరు మాఱుపేరు. చూపిన పూర్వసేవ కల్పితము. కాని నమ్మి అప్పగించిన బిడ్డపట్ల అతని నడవడి అణువంతయు కల్ల గాదు. విరాటుడు ముందుగ చేసిన పరీక్షలలో తెలియనిది ఈ యొక్క మాటతో తెలిసెను. ప్రవేశమున తీసికొను సాక్ష్యము విద్యను గూర్చి చాలవఱకు చెప్పగలదు. నడవడిని గూర్చి సంపూర్ణముగ చెప్పునది కాలమే.

కావ్యములలోని పరీక్షలు

పంచతంత్రపు మొదటి కథ బోధకుని నియామకపు కథయే. దక్షిణదేశమున మహిళారోప్యమను పట్టణమున అమరశక్తి యను రాజునకు మందమతులగు కొడుకులు మువ్వురు. ఏమి చేయుదమని రాజు కొలువులో నడుగగా, సుమతి యను మంత్రి విష్ణుశర్మ పేరు చెప్పెను. రాజు నూఱు అగ్రహారము లిత్తు ననెను. విద్యను అమ్ముకొనువాడను గానని ఎనుబదియేండ్ల విష్ణుశర్మ వాని నొల్లక, ఆఱు నెలలలో వీరిని నీతిశాస్త్రకోవిదులను చేయనిచో నా పేరు విడిచెద నని పంతము పట్టెను. మంత్రి మాట ద్వారము తెఱచినది. లోపలికి వచ్చినవాడు తన పేరునే కుదువ పెట్టెను. ఒకరి మాటపై పనిలో చేరినవాడు ఆ మాటను తన పనితో తీర్చవలయును. అది అప్పువంటిది.

కాళిదాసు మాళవికాగ్నిమిత్రమున ఈ ప్రశ్ననే మఱియొక విధముగ నెత్తెను. విదిశానగరపు కొలువులో గణదాసు, హరదత్తుడు అను నాట్యాచార్యు లిద్దఱు ఎవరు గొప్ప యని తగవులాడిరి. ఇద్దఱికిని పెద్దల మాట గలదు. గణదాసు రాణివైపువాడు, హరదత్తుడు రాజువైపువాడు. తీర్పు చెప్పవలసినది కౌశికి యను పరివ్రాజిక. కొందఱికి విద్య తమయందు నిండుగ నుండును, కొందఱికి దానిని ఇతరులకు ఎక్కించు నేర్పుండును, రెండును గలవాడే ఆచార్యులలో మొదటివాడని ఆమె అభిప్రాయము. కావున ఆచార్యుల నాడు మనక శిష్యురాండ్ర నాడింపుమనెను. తాను నేర్చుటయు, నేర్పుటయు వేఱు వేఱు విద్య లని ఇంత స్పష్టముగ చెప్పిన ఘట్టము అరుదు. పట్టా పుచ్చుకొన్నవాడెల్ల బోధకుడు గాడని నేడు మనమనుకొను మాటను కవి అప్పుడే రంగముమీద నిలిపినాడు. అయితే కవి మఱియొక కొంటె సంగతియు చూపెను. ఆ పరీక్ష యంతయు విదూషకుడు పన్నిన పన్నాగము. మాళవికను రాజు కన్నులార చూచుటకే అది యేర్పాటైనది. పరీక్ష న్యాయమైనదే, పెట్టించినవాని కోరిక వేఱు. సిఫారసులందును, పరీక్షలందును ఎవరి ప్రయోజన మున్నదో చూచుకొనవలెనన్న హెచ్చరిక ఇందు దాగియున్నది.

వీధిబడి పంతులు

కథలు విడిచి చరిత్రలోనికి వత్తము. 1822లో చెన్నపట్టణపు గవర్నరు సర్ తామస్ మన్రో రాజధానిలోని బడుల లెక్కలు పంపవలసినదని కలెక్టరులకు ఉత్తరువు చేసెను. బళ్ళారి కలెక్టరు ఏ. డి. కాంబెలు 1823లో పంపిన నివేదిక అందులో ప్రసిద్ధమైనది. ఒక్క బళ్ళారి జిల్లాలోనే 533 బడులున్నవని అతడు వ్రాసెను. అన్ని జిల్లాల లెక్కలు కూడిన పిదప 1826 మార్చి 10వ తేదీన మన్రో వ్రాసిన పత్రమునుబట్టి రాజధానిలో 12,498 బడులు, 1,28,50,941 మంది జనము. అనగా సుమారు వేయిమందికి ఒక బడి.

ఆ పండ్రెండువేల పైచిలుకు పంతుళ్ళలో వీధిబడి నడుపువానికి సర్కారు పట్టా లేదు. మఱి వారికి సాక్షి యెవరు? ఊరే సాక్షి. పంతులు ఊరి నడుమ అరుగుమీద కూర్చుండి చెప్పెడివాడు. బడికి తలుపులు లేవు, గోడలు లేవు. దారిని పోవు ప్రతివాడును చదువును వినెడివాడు, దెబ్బలను చూచెడివాడు. ఏ బిడ్డకు ఏమి వచ్చెనో, ఎవని వీపు వాచెనో సాయంకాలమునకు ఊరంతయు తెలిసెడిది. దసరాకు పంతులు పిల్లలచేత పూలబాణములు పట్టించి, ఇంటింటికి తీసికొనిపోయి పాటలు పాడించెడివాడు. పిల్లలకు పప్పుబెల్లములు, పంతులుకు మామూలు ముట్టెడివి. దానిని వేడుక యని మాత్రమే తలతుము. కాని అది యేటేట గ్రామము తన పంతులును పరీక్షించు దినమును గూడ. నోరు తిరుగని పిల్లవాడు ఆ సంవత్సరము పాట యప్పగించినచో ఆ యింట మామూలు పెరిగెడిది.

ఆ పద్ధతికి లోపములు లేకపోలేదు. ఊరు చూచునది ఊరికి తెలిసినంతవఱకే. లెక్కలు, పద్యములు వల్లె వేయించినచో చాలునని తలచు ఊరు, అర్థము చెప్పని పంతులును తప్పుపట్టదు. ఆ అరుగుపైకి ఎక్కనీయని పిల్లల గోడును ఆ ఊరు వినలేదు. మన్రో మఱియొక లోపమును గుర్తించెను. పంతుళ్ళలో హెచ్చుమందికి నెలకు ఆఱేడు రూపాయలకు మించి రాదనియు, అంతమాత్రమునకు తగిన యోగ్యులు ఈ పనికి రారనియు వ్రాసెను. చెన్నపట్టణమున ఉపాధ్యాయులకే ఒక శిక్షణపాఠశాల పెట్టి, జిల్లా పాఠశాలల బోధకునకు నెలకు 15 రూపాయలు, తహశ్శీలు పాఠశాలల బోధకునకు 9 రూపాయలు ఇయ్యవలెనని ప్రతిపాదించెను. 1827లో అతడు పత్తికొండలో మరణించెను. తహశ్శీలు బడులు పదియేండ్లు దాటకయే మూతపడెను. అయినను అతని మాటలోని సత్యము మూతపడలేదు. యోగ్యుని కోరువారు యోగ్యమగు జీతము నీయవలెను. చౌకబేరమునకు వచ్చినవానిని పెద్ద పత్రములు చూపుమనుట న్యాయము గాదు.

కళాశాలయు, చిట్టీలును

ఇందుకు పదియేండ్లకు ముందే, 1812లో, చెన్నపట్టణమున ఫోర్టు సెంట్ జార్జి కళాశాల యేర్పడినది. ఎల్లిస్ దొర దానికి మూలపురుషుడు. సీమనుండి క్రొత్తగా దిగిన కుఱ్ఱ దొరలకు దేశభాషలు నేర్పుట దాని పని. అక్కడి ప్రధానోపాధ్యాయులు దేశీయులగు బోధకులను తరిఫీదు చేసెడివారు. ఆ బోధకులు దొరలకు చదువు చెప్పెడివారు. వేదము పట్టాభిరామశాస్త్రి వంటి విద్వాంసుడు అక్కడ సంస్కృతాంధ్రములకు ప్రధానుడుగ నుండెను. తెలుగు చెప్పువాడు తెలుగు తెలిసినవాడని ఒక సంస్థ పరీక్షించి చెప్పుట మన దేశమున అప్పటికి క్రొత్త.

ఇక్కడ గురుశిష్యుల వరుస తలక్రిందులైనది. శిష్యుడు దొర, గురువు జీతగాడు. గురువు యోగ్యుడా కాడా యని వ్రాయువాడు ఇరువది యేండ్లు నిండని శిష్యుడే. దొరలు ఊరు మాఱునప్పుడు మున్షీలకును, వంటవాండ్రకును, బంట్రోతులకును ఒకే తీరున గుణపత్రములు వ్రాసియిచ్చెడివారు. వానికి చిట్టీ యని పేరు. మన చిట్టీ ఇంగ్లీషులో చిట్ అయినది. 1886లో వెలువడిన హాబ్‌సన్-జాబ్‌సన్ నిఘంటువులో ఈ మాటకు సేవకుని గుణపత్రమను అర్థము నెక్కినది. ఇంగ్లీషు చదువ నేరని సేవకుడు తన్ను వెక్కిరించిన చిట్టీనే మడిచి మూటలో దాచి, క్రొత్త దొరకు గర్వముతో చూపిన కథలును, ఒకరి చిట్టీని మఱియొకరు ఎరువు తెచ్చుకొన్న కథలును ఆ కాలపు దొరల ముచ్చటలలో వినవచ్చును. వినుటకు నవ్వు వచ్చును. కాని ఆ నవ్వు వెనుక ఒక బీదవాని కడుపు గలదు. తాను చదువలేని కాగితముపై తన బ్రదుకు ఆధారపడుట కన్న కష్టమేమి?

ఆ కళాశాలకే 1817లో తెలుగు నేర్చుకొన వచ్చినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. అతనికి తెలుగు చెప్పినవాడు వెలగపూడి కోదండరామ పంతులు. 1820లో బ్రౌను కడపకు వెళ్ళెను. తరువాతి కాలమున సొంత డబ్బుతో పండితులను పోషించి, తాటాకు గ్రంథములను పోల్చి శుద్ధప్రతులు వ్రాయించెను. 1829లో వేమన పద్యములను అచ్చొత్తించెను. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును వెలువరించెను. కోదండరామ పంతులుకు ఎవరైన చిట్టీ వ్రాసి యిచ్చినను, ఈయకున్నను, శిష్యుని జీవితకాలపు పనియే ఆ గురువునకు యోగ్యతాపత్రము. కౌశికి చెప్పిన తీర్పు ఇక్కడ నిలిచినది.

అడుగరాని ప్రశ్న

సాక్ష్య మడుగుట మంచిదే. కాని దేనికి సాక్ష్యము? ఇచ్చటనే లోకము పెక్కుమాఱులు తప్పినది. విద్యకును, నడవడికిని, చేసిన పనికిని సాక్ష్య మడుగుటకు మాఱుగ పుట్టుకకు సాక్ష్య మడిగినది. పుట్టుక చెప్పినచో విద్య దొరకదను భయముచేతనే కర్ణుడు పరశురామునితో కల్లలాడెను. ఆ కల్ల శాపమైనది. కల్ల యాడుట కర్ణుని దోషము. ఆడవలసివచ్చిన స్థితి మాత్రము లోకపు దోషము.

విద్య కోరినవానికే గాక, విద్య చెప్పదలచినవారికిని ఇట్టి యిబ్బంది కలిగినది. దీనికి సయాము దేశపు చరిత్రలో ఒక చిత్రమైన నిదర్శనము గలదు. 1862లో సయాము రాజగు మోంగ్‌కుట్ తన బిడ్డలకు ఇంగ్లీషు చెప్పుటకు ఒక బోధకురాలిని కోరి, సింగపూరులోని తన ప్రతినిధిద్వారా విచారించెను. మతము మార్చు ప్రయత్నము చేయరాదని నియమము. అచ్చట చిన్న బడి నడుపుచున్న ఆన్నా లియొనోవెన్స్ అను వితంతువు కుదిరినది. 1867 వఱకు రాజమందిరమున చదువు చెప్పినది. ఆమె శిష్యుడగు చులాలంకరణ రాకుమారుడు 1868లో రాజై, 1910 వఱకు పాలించి, ఆ దేశమును సంస్కరించిన ప్రభువుగ పేరొందెను. ఆమె తాను వేల్సు దేశమున పుట్టి పెరిగిన దొరసానినని చెప్పుకొన్నది, పుస్తకములును వ్రాసినది. ఆమె 1915లో మరణించిన పిదప అఱువదియేండ్లకు గాని నిజము బయటపడలేదు. ఆమె 1831లో పుట్టినది మన దేశమున, అహమ్మదునగరమున. పేద సిపాయి కూతురు. తల్లివైపున భారతీయుల నెత్తురు గలదు. ఆ సంగతి తెలిసినచో ఆ కాలపు దొరల లోకమున ఆమెకు దొరసానియను గౌరవము దక్కెడిది కాదు.

ఆమె చెప్పిన అబద్ధమును మెచ్చుకొన పనిలేదు. కాని ఆ అబద్ధము దేనిని దాచినది? ఆమెకు ఇంగ్లీషు రాదన్న సంగతిని గాదు. పిల్లలను బాధించిన సంగతిని గాదు. పుట్టుకను మాత్రమే దాచినది. అడుగదగిన దడిగినచో నిజము చెప్పగలిగినవారిచేతనే, అడుగరాని దడిగి లోకము అబద్ధము లాడించును.

మన భాషలోని నిదర్శనము ఇందుకు ప్రతిగా మనస్సునకు చల్లగ నుండును. పరవస్తు చిన్నయసూరి సాతాని వైష్ణవ కుటుంబమున పుట్టినవాడు. ఆ కాలమున పండిత పదవులు ఏ కులమువారి సొత్తుగ నుండెనో అందఱికిని తెలియును. అయినను ఆయన పచ్చయప్ప పాఠశాలలోను, పిదప చెన్నపట్టణపు ప్రెసిడెన్సీ కళాశాలలోను తెలుగు పండితుడయ్యెను. 1853లో నీతిచంద్రికయు, 1858లో బాలవ్యాకరణమును వెలువడినవి. తరువాత తెలుగు నేర్చినవారిలో ఆయన వాక్యము నొకమాఱైన వల్లె వేయనివారు తక్కువ. పుట్టుక చూచి ఆ తలుపు మూసియున్నచో నష్టపోయినది సూరి గాడు, తెలుగు పిల్లలు.

సాక్షి ధర్మము

నేడు కాగితములకు కొదువ లేదు. సర్కారు బడిలో ఒకటినుండి ఎనిమిదివ తరగతి వఱకు చెప్పువానికి శిక్షణ పట్టా గాక, 2010లో వచ్చిన నియమమునుబట్టి ఉపాధ్యాయ అర్హత పరీక్షయు కావలయును. బడిపంతులు ప్రైవేటు చదువు చెప్పరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము శాసించుచున్నది. అందుచేత ఇండ్లలో చదువు చెప్పువారు తఱచుగ ఉద్యోగము కొఱకు వేచియున్న పడుచువారు, చదువుకొనుచున్న విద్యార్థులు, ఇంటిపట్టున నుండు గృహిణులు. వీరికి వీధిబడి పంతులునకువలె ఊరి కన్నుల కాపలా లేదు. బడి అరుగుమీదనుండి గదిలోనికి పోయినది; గదికి తలుపు వచ్చినది. కావున ఎఱిగినవారి మాటకు మునుపటికన్న ఇప్పుడే విలువ హెచ్చు.

ఆ మాట యడుగుట అవమానపఱచుట గాదు. యోగ్యుడగు బోధకుడు తానే ముందుగ చెప్పును. ఇంతకుముందు ఎవరి పిల్లలకు చెప్పితిరి? ఎన్నాళ్ళు? ఎందుకు మానితిరి? అని మర్యాదగ నడిగి, ఆ పిల్లల తల్లిని ఒకమాఱు కలిసికొన్నచో, పది కాగితములలో లేనిది ఆమె నోట వినవచ్చును. తెలివిగల పిల్లవాడు ఎట్లు పైకి వచ్చెనని గాక, వెనుకబడిన పిల్లవానిని ఆ పంతులు ఎట్లు చూచెనని అడుగుట మేలు. క్రొత్తగా మొదలు పెట్టువానికి పూర్వసేవ యుండదు. అంతమాత్రమున వానిని త్రోసివేయరాదు. వానికి చదువు చెప్పిన గురువు మాటయు, వాని వీధివారి మాటయు చాలును. పిమ్మట తలుపు తెఱచియుంచి, నెలకొకమాఱు బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకొని అడిగిన చాలును. బిడ్డ చెప్పు సాక్ష్యమును పెద్దల పత్రముకన్న తక్కువగ చూడరాదు.

అడుగువాని ధర్మ మిట్లుండగా, చెప్పువాని ధర్మము మఱింత బరువైనది. అప్పుపత్రముమీద జామీను సంతకము చేసినవాడు, వేఱు ఒడంబడిక లేనిచో, అప్పుపడినవానితో సమానముగ బాధ్యుడని 1872 నాటి కాంట్రాక్టు చట్టము చెప్పుచున్నది. అందుచేత నూఱు రూపాయల పత్రమునకైనను జామీనుండుటకు జనులు వెనుకముందాడుదురు. అదే జనులు, మంచివాడని నాలుగు పంక్తులు వ్రాయుటకు వెనుదీయరు. అడిగినవాడు బంధువు, కాదనుట కష్టము, వ్రాసినచో పోయిన దేమి యని తలతురు. ఇంతకన్న హీనమైనది మఱియొకటి గలదు. ఒక పంతులు పిల్లలపట్ల చెడుగ నడచెనని తెలిసి, రచ్చ కెక్కినచో ఊరి పేరు పోవునని, మంచి మాటలతో ఒక పత్రము వ్రాసి మఱియొక ఊరికి సాగనంపుట. తన ఇంటి పామును పట్టి, చంపక, పొరుగింటి చూరులో విడుచుటకును దీనికిని భేదము లేదు. ఆ పొరుగూరి బిడ్డకు కలిగిన కీడులో ఆ పత్రము వ్రాసిన చేతికి సగము పాలు గలదు.

అట్లే, కోపముచేత నైనను, అసూయచేత నైనను, యోగ్యునికి రావలసిన మంచి మాటను బిగబట్టుటయు పాపమే. జీతము పెంచు మన్నాడనియో, మన కులమువాడు గాడనియో, మన కక్షిలో చేరలేదనియో ఒకని పని చెడగొట్టుట, వాని యన్నము తీసివేయుటయే గాక, వాని చదువు అందవలసిన పిల్లల నోటినుండి గూడ ముద్ద తీసివేయుట. తెలిసినంత చెప్పుట, తెలియనిది తెలియదనుట, మంచిని దాచకుండుట, చెడును కప్పకుండుట, ఈ నాలుగే సాక్షి ధర్మములు. ఇందులకు పాండిత్యము అక్కఱలేదు. సైరంధ్రి చెప్పినది ఒక్క మాట.

గ్రంథాలయమున దరఖాస్తులపై జామీనుదారులుగ సంతకములు చేసిన పెద్ద లెందఱో యుందురు. ఒకరి నమ్మకమును బట్టి మఱియొకరి చేతికి పుస్తకము పోవును. అది చేతులు మాఱి మరల బీరువాకు చేరును. ఆ సంతకము చేయునప్పుడు వారు ఒక క్షణము ఆగి, ఈ మనిషిని మన మెఱుగుదుమా యని తమ్ము తా మడిగికొందురు. ఆ క్షణకాలపు ఆలోచనయే పిల్లల బోధకుని విషయమున గూడ ప్రతి తండ్రియు, ప్రతి తల్లియు, ప్రతి సాక్షియు చేసినచో, ఈ గ్రామమున అరుగులు పోయినను, ఊరి కన్నులు మాత్రము మూతపడవు.